కర్రల నడుమ పరుగు

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు పేరు వినగానే తెలుగువారికి సన్నని ఖద్దరు గుర్తుకు వస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, దూదిని ఏకులుగా చేసి, రాట్నంపై వెంట్రుకవంటి నూలు వడికే స్త్రీలూ, ఆ నూలును మగ్గంపై వస్త్రంగా మార్చే నేతగాండ్రూ ఆ ఊరికి కీర్తిని సంపాదించి పెట్టారు. నేతలో నిలువుగా సాగే దారాలను పడుగు అని, అడ్డంగా నడిచే దారాన్ని పేక అని అంటారు. పేక ఒక పడుగు పోగుకు పైగా, మరొక పోగుకు కిందుగా సాగి అంచు చేరుతుంది. నడుమ ఒక్క పోగు తప్పినా ఆ తప్పు బట్టలో నిలిచిపోతుంది. ఈ అల్లిక సూత్రాన్నే దారంతో గాక ప్రాణమున్న జంతువుతో నడిపించే ఆట ఒకటి పాశ్చాత్య దేశాలలో పుట్టింది. అందులో కర్రలు పడుగు, కుక్క పేక. ఆంగ్లేయులు ఆ కర్రల వరుసకు నేతపని పేరే పెట్టి వీవ్ పోల్స్ అన్నారు. తెలుగులో దానిని అల్లిక కర్రలు అనవచ్చు.

ఎజిలిటీ అనే శునక క్రీడలో అల్లిక కర్రలు ఒక అంగం. ఈ క్రీడలో కుక్క అడ్డుగడలను దుముకుతుంది. గొట్టంలో దూరి వెలుపలికి వస్తుంది. ఏటవాలు పలకలపై ఎక్కి దిగుతుంది. ఊగే బల్లపై నిలదొక్కుకొని నడుస్తుంది. వీటి నడుమ ఎక్కడో ఒకచోట నేలలో నిలువుగా పాతిన కర్రల వరుస ఎదురవుతుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆ వరుసలో 12 కర్రలు ఉంటాయి. ఒక కర్రకూ మరొక కర్రకూ నడుమ దూరం 60 సెంటీమీటర్లు. అంటే మొదటి కర్ర నుండి చివరి కర్ర వరకు 6 మీటర్ల 60 సెంటీమీటర్ల పొడవు. కర్ర ఎత్తు మీటరుకు తగ్గకూడదు. మందం 3 నుండి 5 సెంటీమీటర్లు. కుక్క ప్రవేశించేటప్పుడు మొదటి కర్ర దాని ఎడమ భుజం వైపున, రెండవది కుడి భుజం వైపున ఉండాలి. అటుపైన ఒకటి విడిచి ఒకటిగా ఎడమకూ కుడికీ వంగుతూ చివరి కర్ర వరకు పోవాలి. ప్రవేశం తప్పితే తప్పు లెక్కిస్తారు. నడుమ ఒక కర్ర తప్పితే దిద్దుకొని పూర్తి చేయాలి. ఆరితేరిన కుక్కలు ఈ పన్నెండు కర్రలనూ మూడు సెకన్లకు అటూ ఇటుగా దాటిపోతాయి. చూసేవారి కంటికి కర్రలే కదులుతున్నట్లు భ్రమ కలుగుతుంది.

పోటీ బరిలో మరొక నియమం కూడా ఉంది. పరుగు సాగుతున్నంతసేపు శిక్షకుడు కుక్కను తాకకూడదు. చేతిలో తిండి ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. కుక్క మెడకు గొలుసు ఉండదు. నోటిమాట, చేతి సైగ, శరీరపు కదలిక తప్ప మనిషికి మరే సాధనమూ లేదు. కాబట్టి బలవంతంతో నేర్పిన విద్య ఇక్కడ నిలవదు. కుక్క తానుగా ఇష్టపడి పరుగెత్తాలి. లేదా బరి విడిచి పోవాలి.

ఈ క్రీడ చరిత్ర చాలా పాతదేమీ కాదు. 1978లో లండను నగరంలోని ఒలింపియా భవనంలో క్రఫ్ట్స్ శునక ప్రదర్శన జరిగింది. ప్రధాన కార్యక్రమాల నడుమ విరామ సమయంలో ప్రేక్షకులకు వినోదం కల్పించాలని నిర్వాహక సంఘ సభ్యుడైన జాన్ వార్లీ సంకల్పించాడు. శునక శిక్షకుడైన పీటర్ మీన్‌వెల్ సాయంతో, గుర్రాలు అడ్డుగడలు దుమికే పోటీల నమూనాలో కుక్కల కోసం ఒక పోటీ రూపొందించాడు. విరామం నింపడానికి పెట్టిన వినోదం జనానికి ఎంతగానో నచ్చింది. 1980 నాటికే ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్ దానికి నియమావళి ఏర్పరచింది. 1996లో స్విట్జర్లాండులో తొలి ప్రపంచ పోటీ జరిగింది. గుర్రపు ఆటలలో వరుసగా పాతిన గడల నడుమ గుర్రాన్ని వంకరగా నడిపే పందెం ఒకటి ఉంది. అల్లిక కర్రలు దానికి దగ్గరి పోలిక.

ఎజిలిటీలోని అడ్డంకులలో అల్లిక కర్రలే అన్నిటికంటె కష్టమైనవని శిక్షకుల సామాన్యాభిప్రాయం. అందుకు కారణం కుక్క స్వభావంలోనే ఉంది. గోడ దుమకడం కుక్కకు ఎవరూ నేర్పనక్కరలేదు. కంచె కింద కన్నంలో దూరడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కాని ఎదుట ఆహారం కనబడుతూ ఉండగా నేరుగా పోవడం మాని, పన్నెండు మార్లు అటూ ఇటూ వంగుతూ పోవడమన్నది ఏ కుక్కా అడవిలో గాని, వీధిలో గాని చేయదు. దానికి ఆ పనిలో అర్థం కనిపించదు. ఆ అర్థాన్ని మనిషే కల్పించాలి. మెలికలు తిరుగుతూ పోవడమే ఆహారానికి దగ్గరి దారి అని కుక్క నమ్మాలి. శిక్షణ అంతా ఆ నమ్మకాన్ని నిర్మించడమే.

కుక్కకు ఏదైనా నేర్పవచ్చునన్న మాటను మన సాహిత్యం అంతగా ఒప్పుకున్నట్లు కనబడదు. శునకాన్ని బంగారు సింహాసనంపై కూర్చుండబెట్టి పట్టం కట్టినా దాని వెనుకటి గుణం మానదని సుమతీ శతకకారుడు చెప్పిన పద్యం తెలుగు పిల్లలకు కంఠస్థమే. కుక్క తోక వంకర అన్న సామెత సరేసరి. ఆ పద్యంలో అసలు ఆక్షేపణ మనిషికే. కుక్క కేవలం ఉపమానం. అయినా ఉపమానమైన పాపానికి ఆ జంతువు ఎన్నో శతాబ్దాలుగా నిందను మోస్తూ వచ్చింది. శతకకారుని మాటలో సత్యం లేకపోలేదు. స్వభావం మారదన్నది నిజమే. కాని శిక్షణకు స్వభావాన్ని మార్చవలసిన అవసరమే లేదు. కుక్కకు పరుగు ఇష్టం, వెంటాడడం ఇష్టం, తిండి ఇష్టం, మనిషి మెప్పు ఇష్టం. ఆ ఇష్టాలకే ఒక దారి చూపడం శిక్షకుని పని.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు. ఒక పని చేసిన వెంటనే మేలు జరిగితే జంతువు ఆ పనిని మళ్ళీ చేస్తుందని బి. ఎఫ్. స్కిన్నర్ ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. అతని శిష్యులైన కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు 1940లలో ఆ సూత్రాన్ని ప్రయోగశాల దాటించి అనేక జంతువులకు పనులు నేర్పే వృత్తిగా మార్చారు. అయితే 1961లో వారే ఒక వింత సంగతిని ప్రకటించారు. నాణేన్ని తెచ్చి పెట్టెలో వేయడం నేర్చుకున్న పంది కొన్ని వారాల తరువాత నాణేన్ని దారిలో పడవేసి, ముట్టెతో మట్టిని పెళ్ళగించినట్లు పొరలించసాగింది. నేర్చిన విద్యను పుట్టు గుణం మెల్లగా కమ్మివేసింది. శతకకారుడు విని ఉంటే సంతోషించేవాడేమో. ఈ పరిశీలన నుండి శిక్షకులు గ్రహించవలసినది ఉంది: జంతువు నైజానికి ఎదురు పోయే పద్ధతి కొంతకాలమే పనిచేస్తుంది, నైజాన్ని కలుపుకొని పోయే పద్ధతి చిరకాలం నిలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు కుక్కకైనా వర్తిస్తుంది. పొందూరు వంటి ఊరిలో ఒక వీధికుక్కకు ఈ విద్య నేర్పదలచినవారికి మాత్రం పాశ్చాత్యుల పుస్తకాలలో అంతగా కనిపించని ఒక చిక్కు మొదటనే ఎదురవుతుంది. అది కర్ర. మన ఊళ్ళలో మనిషి చేతిలోని కర్రకు కుక్క దృష్టిలో ఒకే అర్థం ఉంది. అరుగు మీద పడుకున్న కుక్కను లేపడానికి కర్ర, వంటింటి గుమ్మం నుండి తరమడానికి కర్ర, పిల్లల ఆటకు కూడా కర్ర. కర్ర పైకి లేవగానే తోక ముడిచి పరుగెత్తడం ఊరకుక్క తల్లి దగ్గరి నుండే నేర్చుకుంటుంది. అటువంటి కుక్క ముందు ఒకటి కాదు, పన్నెండు కర్రలు పాతి, వాటి నడుమ నుండి రమ్మనడం దానికి ఎలా తోస్తుందో ఊహించవచ్చు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవలసి ఉంది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం, అభ్యాసం. వేదాంగాలలో మొదటిదిగా చెప్పే శిక్ష ఉచ్చారణను నేర్పే శాస్త్రం. ఆ మాటే తెలుగులోకి వచ్చి దండన అనే అర్థంలో స్థిరపడింది. శిక్షణ అన్న రూపంలో మాత్రం పాత అర్థం మిగిలింది. నేర్పడానికీ కొట్టడానికీ ఒకే ధాతువు నుండి మాటలు ఏర్పడడం కేవలం భాషలోని విచిత్రం కాదు. బెత్తం లేనిదే చదువు రాదన్న నమ్మకం మన బడులను కూడా చాలాకాలం ఏలింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిపిల్లలను దండించడాన్ని నిషేధించింది. జంతువులను కొట్టడం, హింసించడం నేరమని చెప్పే చట్టం అంతకు చాలాముందే, 1960లోనే వచ్చింది. కుక్కల విషయంలో ఆ చట్టాన్ని ఎందరు గుర్తుంచుకున్నారన్నది వేరే ప్రశ్న.

కనుక ఊరకుక్కకు అల్లిక నేర్పడంలో మొదటి పాఠం అల్లిక కాదు. కర్ర భయాన్ని పోగొట్టడం. ఒకే ఒక్క కర్రను నేలపై పడుకోబెట్టి, దానికి కొంత దూరంలో ఆహారపు ముక్కలు వేసి, శిక్షకుడు తప్పుకోవాలి. కుక్క వచ్చి తింటే మరునాడు ముక్కలను కర్రకు మరికొంత దగ్గరగా వేయాలి. కొన్నాళ్ళకు కుక్క కర్రను దాటి తింటుంది. కర్రను వాసన చూస్తుంది. అటుపైన కర్రను నేలలో నిలబెట్టాలి. ఆ కర్రను పాతే పని కుక్క చూడనప్పుడు చేయడం మేలు. మనిషి కర్ర ఎత్తే దృశ్యమే దానికి పాత జ్ఞాపకాలను రేపుతుంది. ఈ దశకు రెండు రోజులు పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. తొందరపడి మెడకు తాడు కట్టి లాగితే అప్పటివరకు కూడబెట్టిన నమ్మకమంతా ఒక్క పూటలో పోతుంది.

కుక్క వయస్సు కూడా ముఖ్యమే. ఎముకల చివరల ఎదుగుదల పూర్తి కాకముందే నడుమును పదేపదే అటూ ఇటూ వంచితే కీళ్ళు దెబ్బతింటాయి. చాలా కుక్కలలో ఆ ఎదుగుదల ఏడాది నుండి ఏడాదిన్నర వయస్సులో ముగుస్తుంది. అంతర్జాతీయ పోటీలలో 18 నెలలు నిండని కుక్కను అనుమతించరు. అంతకు ముందు పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, ఇద్దరు మనుషుల నడుమ పరుగెత్తడం వంటివి నేర్పవచ్చు. పొడవైన వెన్ను, పొట్టి కాళ్ళు గల డాక్స్‌హండ్ వంటి జాతుల విషయంలోనూ, బొద్దుగా పెరిగిన కుక్కల విషయంలోనూ పశువైద్యుని సలహా లేనిదే ఈ ఆట మొదలుపెట్టకూడదు. ఈ విషయంలో మన ఊరకుక్క అదృష్టవంతురాలు. నడితరహా ఎత్తు, ఒడ్డూ పొడుగూ సరిపడిన దేహం, తేలిక నడక దానికి సహజంగానే ఉన్నాయి.

నేల మెత్తగా, జారకుండా ఉండాలి. గట్టిపడిన కళ్ళం కంటె చెరువు గట్టు పక్కన ఉండే పచ్చిక మంచిది. కర్రల కోసం దూరం పోనక్కరలేదు. తీరప్రాంతంలో దొరికే సరుగుడు కర్రలను బెరడు తీసి, నున్నగా గీసి వాడవచ్చు. కాని కుక్క వేగం అందుకున్నాక గట్టి కర్ర భుజానికి దెబ్బ కొడుతుంది. అప్పుడు పొట్టి మేకులను నేలలో దిగగొట్టి, వాటిపై నీళ్ళ ప్లాస్టిక్ గొట్టాలను తొడిగితే అవి కుక్క తాకగానే కొద్దిగా వంగి మళ్ళీ నిలుస్తాయి. మేకు గొట్టం లోపలే ఉండిపోవాలి. కొన పైకి కనబడకూడదు.

వేసవిలో శ్రీకాకుళం తీరపు ఉక్క ఎటువంటిదో ఆ ప్రాంతంవారికి తెలుసు. కుక్కకు మనిషివలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే అది వేడిని వెలువరిస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు రొప్పినా వేడి తగినంతగా పోదు. అందువల్ల తెల్లవారుజామున గాని, పొద్దు వాలిన తరువాత గాని అభ్యాసం జరపాలి. అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి కొద్ది క్షణాలు ఓర్చుకోలేకపోతే ఆ నేల కుక్క పాదాలకు కూడా పనికిరాదు. దగ్గరలో నీడ, చల్లని నీళ్ళు ఉండాలి.

ఆహారం బహుమానంగా ఇచ్చేటప్పుడు ముక్క చిన్నదిగా, మింగడానికి తేలికగా ఉండాలి. ఉప్పు, కారం వేయక ఉడికించిన కోడిమాంసం గాని, కోడిగుడ్డు గాని సరిపోతుంది. ఎండుచేపల వాసన కుక్కకు ఎంత ఇష్టమైనా అందులోని ఉప్పు దానికి చేటు. బహుమానం కంటె ముందుగా ఒక గుర్తు కావాలి. కుక్క సరైన పని చేసిన క్షణంలోనే వినిపించే చిన్న శబ్దం అది. పాశ్చాత్యులు టిక్కుమని మోగే చిన్న పరికరాన్ని వాడుతారు. నాలుకతో చేసే చిటుకు శబ్దం, లేదా భేష్ అన్న ఒక్క మాట అదే పనిని చేస్తుంది. ఆ శబ్దం వినగానే ఆహారం వస్తుందని కుక్కకు ముందే అలవాటు చేయాలి. శబ్దం ఒక్క సెకను ఆలస్యమైతే కుక్క మరేదో పనికి మెప్పు దొరికిందని అనుకుంటుంది. కుక్క తప్పు నేర్చుకున్నదని వాపోయే శిక్షకులలో చాలామంది నిజానికి ఆలస్యంగా మెచ్చుకున్నవారే.

అల్లిక నేర్పడానికి రెండు పద్ధతులు బాగా ప్రచారంలో ఉన్నాయి. మొదటిది బాట పద్ధతి. ఇందులో పన్నెండు కర్రలను ఒకే వరుసలో గాక రెండు వరుసలుగా పాతుతారు. ఒకటి, మూడు, అయిదు మొదలైన బేసి కర్రలు ఎడమకు, రెండు, నాలుగు, ఆరు మొదలైన సరి కర్రలు కుడికి జరుగుతాయి. నడుమ కుక్క సులువుగా పరుగెత్తగలిగే బాట ఏర్పడుతుంది. బాట చివర ఆహారం ఉంటుంది. కుక్క నేరుగా పరుగెత్తి దానిని అందుకుంటుంది. ఇందులో కష్టమేమీ లేదు, ఉండకూడదు కూడా. నాలుగైదు రోజులు ఇలా సాగాక రెండు వరుసలనూ రెండు మూడు సెంటీమీటర్ల మేర దగ్గరకు జరపాలి. కుక్క ఆ మార్పును గమనించనంత కొద్దిగా మాత్రమే జరపాలి. బాట ఇరుకవుతున్నకొద్దీ కర్రలు భుజాలకు రాసుకోసాగుతాయి. కుక్క తనకు తెలియకుండానే కొంచెం ఎడమకు, కొంచెం కుడికి వంగడం మొదలుపెడుతుంది. వారాలు గడిచేసరికి రెండు వరుసలూ కలిసి ఒకే వరుస అవుతాయి. బాట మాయమవుతుంది, వంకర పరుగు మిగులుతుంది. కుక్క మొదటి నుండి వేగంగానే పరుగెత్తింది గనుక చివరకు కూడా వేగం తగ్గదు. ఈ పద్ధతిలో గొప్ప సుగుణం అదే.

లోపం ప్రవేశం దగ్గర ఉంది. బాటలో ఎదురుగా ప్రవేశించడమే కుక్కకు అలవాటవుతుంది. పోటీలో కర్రల వరుస ఎప్పుడూ ఎదురుగా ఉండదు. గొట్టం నుండి బయటపడిన కుక్క ఏటవాలుగా, ఒక్కొక్కప్పుడు దాదాపు అడ్డంగా వచ్చి కూడా మొదటి రెండు కర్రల సందునే పట్టుకోవాలి. ఈ లోపాన్ని తీర్చడానికి పుట్టినదే రెండేసి కర్రల పద్ధతి. కెనడా దేశపు శిక్షకురాలు సూసన్ గారెట్ దీనిని ప్రచారంలోకి తెచ్చింది. ఇందులో తొలి పాఠానికి రెండే కర్రలు. వాటిని ద్వారబంధంవలె కుక్కకు అడ్డంగా నిలిపి, శిక్షకుడు మౌనంగా ఉంటాడు. పిలవడు, చేయి చూపడు. కుక్క కొంతసేపు అటూ ఇటూ తిరిగి, యాదృచ్ఛికంగా ఆ రెండు కర్రల నడుమ నుండి పోతుంది. తక్షణమే మెప్పు శబ్దం వినిపిస్తుంది; ఆహారం గాని బంతి గాని ద్వారానికి ఆవల పడుతుంది. మూడు నాలుగు మార్లు ఇలా జరిగేసరికి కుక్క ముఖంలో మార్పు కనిపిస్తుంది. మనిషి వైపు చూడడం మాని కర్రల వైపు చూడసాగుతుంది. ఈ విద్యలో అసలు మలుపు అదే. నిన్నటి వరకు పారిపోవడానికి కారణమైన వస్తువు నేడు అది వెదకుతూ పోయే వస్తువు అయింది.

తరువాత శిక్షకుడు తాను నిలిచే చోటును కొద్దికొద్దిగా మారుస్తాడు. ద్వారాన్ని గడియారపు నడిబొడ్డుగా ఊహిస్తే, కుక్కను ఒకసారి ఆరు గంటల చోటు నుండి, మరొకసారి అయిదు, ఏడు, నాలుగు గంటల చోట్ల నుండి విడిచిపెడతాడు. ఎక్కడి నుండి బయలుదేరినా మొదటి కర్రను ఎడమ భుజానికే ఉంచుకోవాలని కుక్క స్వయంగా తెలుసుకుంటుంది. అప్పుడు రెండు కర్రలను మెల్లమెల్లగా తిప్పుతూ అసలు వరుస దిశకు తెస్తారు. అది కుదిరాక కొన్ని మీటర్ల దూరంలో మరొక జత నిలుపుతారు. క్రమంగా దగ్గరకు జరుపుతారు. రెండు నాలుగవుతాయి, నాలుగు ఆరవుతాయి, చివరకు ఆరు ఆరు కలిసి పన్నెండవుతాయి. కర్రలకు పక్కగా తీగలు కట్టి కుక్కను దారి తప్పనీయకుండా నేర్పే పద్ధతి కూడా ఉంది. కాని తీగలు ఉన్నంతకాలం ఆలోచన తీగలదే గాని కుక్కది కాదు.

ఏ పద్ధతిలోనైనా బహుమానం ఎక్కడ పడుతుందన్నది అతి ముఖ్యం. అది కర్రల వరుసకు సూటిగా ముందు పడాలి. శిక్షకుని చేతి నుండి అందితే కుక్క పరుగెత్తుతూనే తల పైకెత్తి అతని చేతిని చూస్తుంది. తల ఎత్తిన కుక్క వెన్ను వంగదు, అడుగు తప్పుతుంది. కొందరు కుక్క పక్కనే వంగి చేతిని కర్రల నడుమ అటూ ఇటూ ఆడిస్తూ దానిని లాక్కుపోతారు. అప్పుడు కుక్క నేర్చుకునేది చేతిని అనుసరించడమే; కర్రలను అది గుర్తించనే లేదు. చేయి లేని నాడు ఆ విద్యా ఉండదు.

పన్నెండు కర్రలూ వచ్చాక కొత్త తప్పులు మొదలవుతాయి. పదవ కర్ర దగ్గర వరుస విడిచి బయటికి రావడం వాటిలో తరచుగా కనిపించేది. దీనికి కుక్క నిర్లక్ష్యం కారణమని అనుకుంటారు. పరిశీలించి చూస్తే, ఆ సమయానికి మనిషి తరువాతి అడ్డంకి వైపు తిరిగిపోయి ఉంటాడు. కుక్క మనిషి భుజాలు ఏ వైపు తిరిగితే ఆ వైపు పోవాలని అనుకుంటుంది. తాను పని ముగించలేదని తెలియక కాదు. మనిషి ముగించినట్లు కనబడ్డాడు గనుక వచ్చేసింది. దీనికి మందు కేకలు కాదు. ఒక రోజు పక్కనే పరుగెత్తి, ఒక రోజు వెనుక ఆగిపోయి, ఒక రోజు దూరంగా నిలబడి, మనిషి ఎక్కడ ఉన్నా చివరి కర్ర దాటితేనే ఫలం దొరుకుతుందని కుక్కకు అనుభవంలోకి తేవాలి. తప్పిన పరుగుకు బహుమానం లేకపోవడమే చాలు. కసిరితే కర్రలపై పాత భయం తిరిగి లేస్తుంది. ఊరకుక్క విషయంలో ఆ భయం ఎన్నడూ అడుగంటా పోదు. అడుగున పడి ఉంటుందంతే.

కొంత అభ్యాసం తరువాత ప్రతి కుక్కా తనదైన నడకను ఏర్పరచుకుంటుంది. పెద్ద కుక్కలు చాలావరకు ఒక్కొక్క సందులో ఒక్కొక్క ముందు కాలు వేస్తూ, నీటిలో ఈదుతున్నట్లు పోతాయి. చిన్న కుక్కలు రెండు ముందు కాళ్ళూ కలిపి ఒక్కొక్క సందులో గెంతుతాయి. ఏది మంచిదని నిర్ణయించడం మనిషి పని కాదు. దేహపు పొడవు, కాళ్ళ ఎత్తు ఆ విషయాన్ని తేలుస్తాయి. ఉన్నట్టుండి నడక మారితే మాత్రం జాగ్రత్తపడాలి. నిన్నటి వరకు ఈదినట్లు పోయిన కుక్క నేడు గెంతుతున్నదంటే భుజంలోనో వెన్నులోనో నొప్పి ఉన్నదని అనుమానించి, అభ్యాసం ఆపి పశువైద్యునికి చూపించాలి. నొప్పిని కుక్క నోటితో చెప్పదు; అడుగుతో చెబుతుంది.

తెలుగునాట కుక్కల శిక్షణ కొత్తది కాదు. జాగిలం అన్న పాతమాటే వేటకుక్కల పెంపకానికి సాక్ష్యం. నేడు పత్రికలు ఆ మాటను పోలీసు కుక్కలకు వాడుతున్నాయి. హైదరాబాదు సమీపంలోని మొయినాబాదులో ఉన్న ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో లాబ్రడార్, బెల్జియన్ మాలినోయిస్ వంటి విదేశీ జాతుల కుక్కలకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు. వాసనతో పేలుడు పదార్థాలను కనిపెట్టడం, ఆజ్ఞను పాటించడం, అడ్డంకులు దాటడం అక్కడి పాఠాలు. ఆ కుక్కలకు ఖరీదు ఉంది, వంశావళి ఉంది, వెంట ఉండే మనిషి ఉన్నాడు. నేత మగ్గాల వీధిలో తిరిగే కుక్కకు ఇవేవీ లేవు. కాని మెప్పు శబ్దానికి చెవి నిక్కించడంలో గాని, రెండు కర్రల నడుమ సందును పట్టుకోవడంలో గాని వంశావళితో పనిలేదు. టీకా వేయించి, కడుపు నిండా తిండి పెట్టి, రోజూ ఒకే వేళకు వచ్చే మనిషి ఒకడు ఉంటే చాలు.

ఆ మనిషికి చివరిగా తెలియవలసినది అభ్యాసాన్ని ఎప్పుడు ఆపాలన్నది. ఒక పూటకు అయిదు నిమిషాలు చాలు. అయిదారు పరుగులు చాలు. కుక్క ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే, ఒక మంచి పరుగు ముగియగానే ఆపాలి. ఇంకొక్కసారి చూద్దామన్న ఆశతో చేయించిన పరుగులోనే సాధారణంగా తప్పు దొర్లుతుంది. మరునాటికి కుక్క మనసులో నిలిచేది ఆ తప్పే. ఆపిన తరువాత కర్రలను నేలలో అలాగే వదిలివేయకూడదు. మనిషి లేనప్పుడు కుక్క వాటి మధ్య తనకు తోచినట్లు తిరిగి, వరుస తప్పడం అలవాటు చేసుకుంటుంది. పొద్దు గూకేలోగా పన్నెండు కర్రలనూ ఒక్కొక్కటిగా పెరికి, కట్టగట్టి, చావడి మూలన పెట్టాలి. ఈసారి కుక్క చూస్తుండగానే ఆ పని చేయవచ్చు. మనిషి చేతిలోకి కర్ర రావడం చూసి కూడా కుక్క కదలక అక్కడే నిలబడి తోక ఆడిస్తున్నదంటే మరునాటి పాఠానికి అది సిద్ధంగా ఉన్నట్లే.